డిస్క్ గోల్ఫ్ పటర్: ఏది ఎంచుకోవాలి, ఎలా విసరాలి

డిస్క్ గోల్ఫ్ (డిస్క్‌ను విసిరి, బాస్కెట్ అనే గొలుసుల స్తంభానికి ఉన్న బుట్టలో వేసే ఆట) మొదలుపెట్టి ఆరు నెలలైందని, ఆరంభకుల సెట్‌తో వచ్చిన పటర్ (బాస్కెట్ దగ్గర వాడే డిస్క్) అంచు అరిగిపోయిందని, కొత్తది కొందామంటే వందల మోడళ్లలో ఏది మంచిదో తోచడం లేదని మీరు రాశారు. ఆరేడు మీటర్ల దూరం నుంచి కూడా దాదాపు సగం పట్‌లు (బుట్టలోకి వేసే దగ్గరి విసుర్లు) తప్పుతున్నాయని, అవి ఎక్కువగా బుట్ట కిందికో కుడివైపుకో పోతున్నాయని, టీ ప్యాడ్ (ప్రతి హోల్‌కు మొదటి విసురు వేసే చోటు) మీద నుంచి అదే పటర్‌ను విసిరితే వణుకుతూ కుడికి ఒరిగి నేలకూలుతోందని కూడా చెప్పారు. మీది కుడిచేతి బ్యాక్‌హ్యాండ్ (చేయి ఒంటికి అడ్డంగా తెచ్చి విసిరే తీరు) అనీ, అరచేయి చిన్నదనీ చివర్లో రాసిన రెండు మాటలే నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడ్డాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ మోడల్ కొన్నారన్న దానికన్నా అది మీ చేతిలో ఎలా కుదిరిందన్నది ముఖ్యం. అంతకన్నా ముఖ్యం, కుదిరిన ఆ ఒక్క మోడల్‌నే మూడు నాలుగు కొని చాలాకాలం మార్చకుండా ఉండటం. మీ కష్టాల్లో డిస్క్ వల్ల వచ్చినవి తక్కువ, చేతి కదలిక వల్ల వచ్చినవి ఎక్కువ.

పటర్ మిగతా డిస్క్‌లకు ఎందుకు భిన్నంగా ఉంటుందో తెలిస్తే ఎంపిక సులభమవుతుంది. 1983లో డేవ్ డునిపేస్ రూపొందించిన, ఇన్నోవా సంస్థ వారి ఈగిల్ డిస్క్ వచ్చేదాకా ఈ ఆటను మామూలు ఫ్రిస్బీల వంటి గుండ్రని అంచున్న డిస్క్‌లతోనే ఆడేవారు. ఏటవాలుగా చెక్కినట్టుండే ఆ కొత్త అంచు గాలిని సులువుగా కోసుకుంటూ చాలా దూరం పోయేది, అక్కడి నుంచి డ్రైవర్లు, అంటే దూరపు విసుర్లకు వాడే డిస్క్‌లు, నానాటికీ పదునెక్కుతూ వచ్చాయి. పటర్లు మాత్రం పాత ఆకారానికి దగ్గరగానే ఉండిపోయాయి. వాటి అంచు మొద్దుగా, సన్నగా, లోతుగా ఉంటుంది. మొద్దు అంచు గాలిని ఎక్కువగా అడ్డుకుంటుంది కనుక డిస్క్ వేగం త్వరగా తగ్గిపోతుంది, గురి తప్పినా బాస్కెట్‌ను దాటి మరీ దూరం వెళ్లదు. తక్కువ వేగంలోనూ వంకర పోకుండా ఎగరడం, గొలుసులకు తగలగానే నెమ్మదించి బుట్టలో పడటం దీని పని. డ్రైవర్‌తో పట్ చేయడానికి నియమాలేవీ అడ్డు రావు, కానీ ఎవరూ ఆ పని చేయకపోవడానికి కారణం ఇదే.

డిస్క్ మీద ముద్రించే నాలుగు అంకెల గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. ఈ పద్ధతిని ఇన్నోవా మొదలుపెట్టింది, ఇప్పుడు దాదాపు అందరూ వాడుతున్నారు. వరుసగా అవి స్పీడ్, గ్లైడ్, టర్న్, ఫేడ్. ఇన్నోవా ఏవియార్ మీద 2, 3, 0, 1 అని ఉంటుంది. డైనమిక్ డిస్క్స్ జడ్జ్‌కు 2, 4, 0, 1, గేట్‌వే విజార్డ్‌కు 2, 3, 0, 2, డిస్క్‌క్రాఫ్ట్ లూనాకు 3, 3, 0, 3 ఉంటాయి. స్పీడ్ అంటే ఆ డిస్క్ అనుకున్నట్టు ఎగరాలంటే ఎంత వేగంగా విసరాలన్న సూచన. గ్లైడ్ అంటే గాలిలో ఎంతసేపు తేలుతుందన్నది. టర్న్ అంటే వేగం ఎక్కువగా ఉన్న మొదటి దశలో కుడివైపుకు ఎంత మళ్లుతుందన్నది, ఫేడ్ అంటే వేగం తగ్గిన చివరి దశలో ఎడమవైపుకు ఎంత వాలుతుందన్నది. ఈ దిక్కులు కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌కు వర్తిస్తాయి, ఎడమచేతివారికి తారుమారవుతాయి. అయితే ఈ అంకెలను ఏ స్వతంత్ర సంస్థా కొలిచి ఇవ్వదు, తయారీదారులే తమ అంచనా ప్రకారం వేసుకుంటారు. అందుకే ఒక సంస్థ వారి 3కూ మరో సంస్థ వారి 3కూ పొంతన లేకపోవచ్చు. పైగా పది మీటర్ల లోపలి పట్‌లో డిస్క్ చాలా నెమ్మదిగా ప్రయాణిస్తుంది కనుక టర్న్ అంకెకు అక్కడ దాదాపు పనే ఉండదు, చివర్లో ఎంత వాలుతుందన్నదే తేలుతుంది. పటింగ్ కోసం ఫేడ్ 1 లేదా 2 ఉన్నదాన్ని తీసుకుని, ఆ తర్వాత అంకెల సంగతి మరిచిపొమ్మని నా సలహా.

ఇక చేతి విషయం. పటర్ అంచు అడుగున సన్నటి గట్టులాంటి భాగం కొన్నిటికి ఉంటుంది, దాన్ని బీడ్ అంటారు. వేళ్లు ఆ గట్టు మీద ఆనుతాయి కనుక కొందరికి పట్టు స్పష్టంగా తెలుస్తుంది, మరికొందరికి డిస్క్ వదిలేటప్పుడు అదే వేలికి తట్టుకున్నట్టు అనిపిస్తుంది. ఈ తేడాను మీరే చూసుకోవాలంటే జడ్జ్‌ను, వార్డెన్‌ను పక్కపక్కన పెట్టుకుని పట్టుకోండి. వార్డెన్ దాదాపుగా బీడ్ తీసేసిన జడ్జే. ఏవియార్‌లోనూ బీడ్ ఉన్న రకం, లేని రకం రెండూ దొరుకుతాయి. మీలా చిన్న అరచేయి ఉన్నవారికి అంచు లోతు తక్కువగా ఉండి, బీడ్ లేని పటర్లు సాధారణంగా సుఖంగా ఉంటాయి, లాటిట్యూడ్ 64 వారి ప్యూర్ అలాంటిదే. లోతైన అంచు చిన్న చేతిలో పడితే బొటనవేలు పైభాగం మీద బిగుసుకుపోతుంది, ఆ బిగువు వదిలే క్షణంలో డిస్క్ ముక్కును, అంటే ముందు అంచును, పైకి లేపుతుంది. మీ పట్‌లు తప్పడానికి ఇదొక కారణమై ఉండవచ్చు.

కొనేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. కళ్లు మూసుకుని డిస్క్‌ను పట్టుకోండి. బొటనవేలు తనంతట తాను ఎక్కడ ఆగిందో, మిగతా వేళ్లు అంచు లోపల ఇరుకు లేకుండా సర్దుకున్నాయో లేదో గమనించండి. ఆపైన పట్టు సడలించి మళ్లీ పట్టుకోండి. ప్రతిసారీ వేళ్లు వెతుక్కోకుండా అదే చోటికి చేరితే ఆ డిస్క్ మీకు కుదిరినట్టే. పైభాగం ఉబ్బెత్తుగా ఉన్నవి కొంచెం ఎక్కువసేపు తేలతాయి, చదునుగా ఉన్నవి బొటనవేలికి హాయిగా ఉంటాయి. ఒకే మోడల్‌లోనూ అచ్చు నుంచి వచ్చిన తడవను బట్టి ఈ ఉబ్బు మారుతూ ఉంటుంది కనుక వీలైతే దుకాణంలో నాలుగైదు తీసి చూసి, ఒకేలా ఉన్నవాటిని ఎంచుకోండి.

ప్లాస్టిక్ గురించి అవసరమైనదానికన్నా ఎక్కువ చర్చ జరుగుతుందని నా భావన. పటింగ్‌కు తక్కువ రకం ప్లాస్టిక్కే మేలు. అది చేతికి అంటుకున్నట్టుగా పట్టు ఇస్తుంది, గొలుసుల్లో తక్కువగా జారుతుంది. దాని లోపం త్వరగా అరగడం. చెట్లకు, రాళ్లకు తగలని పటింగ్ డిస్క్‌కు ఆ లోపం పెద్దగా అంటదు. ఖరీదైన ప్లాస్టిక్ ఎక్కువకాలం మన్నుతుంది కనుక టీ ప్యాడ్ నుంచి విసిరే పటర్‌కు అది సరిపోతుంది, కానీ తడిసినప్పుడు జారుతుంది. మెత్తటి డిస్క్ గొలుసులను బాగా పట్టుకుంటుందని, గట్టిది తగిలి వెనక్కి తుళ్లుతుందని చాలామంది నమ్ముతారు. నాకు కనిపించినంతలో ఆ తేడా చిన్నది, గొలుసుల మధ్యలో తగిలిన డిస్క్ ఏ ప్లాస్టిక్‌దైనా నిలుస్తుంది. వేడిలో మెత్తటిది మరీ వంగిపోతుందని, చలిలో గట్టిది మరింత బిగుసుకుంటుందని మాత్రం గుర్తుంచుకోండి.

బరువు విషయంలో నియమాలు ఒక హద్దు గీశాయి. 1976లో ఏర్పడిన ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ ప్రమాణాల ప్రకారం డిస్క్ వ్యాసం 21 సెంటీమీటర్లకు తగ్గకూడదు, బరువు వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాములకు మించకూడదు. 21.2 సెంటీమీటర్ల వ్యాసమున్న పటర్‌కు ఇది దాదాపు 176 గ్రాములవుతుంది. దుకాణాల్లో పటర్లు ఎక్కువగా 170 నుంచి 175 గ్రాముల మధ్య కనిపించడానికి కారణం ఇదే. బరువైనది గాలికి తక్కువగా చలిస్తుంది, తేలికైనది ఎక్కువగా తేలుతుంది. చిన్న చేతికి 175 గ్రాములు భారంగా తోస్తే 165 నుంచి 170 మధ్య తీసుకోవడంలో తప్పేమీ లేదు. అయితే కొన్న మూడు నాలుగూ ఒకే బరువుకు దగ్గరగా ఉండాలి. చేయి ఒక బరువుకు అలవాటు పడ్డాక ఐదారు గ్రాముల తేడా కూడా ఆరు మీటర్ల దూరంలో గొలుసుకూ బుట్ట అంచుకూ మధ్య తేడాగా బయటపడుతుంది.

ఇప్పుడు విసరడం దగ్గరకు వద్దాం, మీ ప్రశ్నలో అసలు బరువు ఇక్కడే ఉంది. డిస్క్ గాలిలో నిలకడగా ఉండేది దాని తిరుగుడు వల్ల. బొంగరం తిరిగినంతసేపూ నిలబడి, తిరుగుడు తగ్గగానే ఊగిపోయినట్టే డిస్క్ కూడా ప్రవర్తిస్తుంది. పట్‌లో రెండు ప్రధాన పద్ధతులున్నాయి. స్పిన్ పట్‌లో మణికట్టు, వేళ్లు డిస్క్‌కు ఎక్కువ తిరుగుడు ఇస్తాయి, అది చదునైన దారిలో వేగంగా వెళుతుంది, గాలిని బాగా తట్టుకుంటుంది, కానీ తప్పితే బాస్కెట్ దాటి చాలా దూరం పోతుంది. పుష్ పట్‌లో చేయి మొత్తం లక్ష్యం వైపు నెట్టినట్టు కదులుతుంది, తిరుగుడు తక్కువ, డిస్క్ కాస్త పైకి లేచి బాస్కెట్ మీదికి మెత్తగా దిగుతుంది, తప్పినా దగ్గర్లోనే ఆగుతుంది. చాలామంది అనుభవజ్ఞులు ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటారు. దగ్గర్లో నెట్టుడు, దూరం పెరిగే కొద్దీ తిరుగుడు కలుపుకుంటూ పోవడం సహజంగా వస్తుంది. రెండింటిలో ఏది గొప్పదన్న వాదనలో కాలం వృథా చేయకండి. మీరు తప్పుతున్న తీరును బట్టి మాత్రం ఎనిమిది మీటర్ల లోపల పుష్ పట్ వైపు మొగ్గమంటాను. కారణం వివరిస్తాను.

కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌లో చేయి శరీరం చుట్టూ ఎడమ నుంచి కుడికి అర్ధవృత్తంలో తిరిగితే డిస్క్ ఏ క్షణంలో చేతిని వదిలిందన్న దాని మీదే దిశ ఆధారపడుతుంది. కాస్త ముందుగా వదిలితే ఎడమకు, కాస్త ఆలస్యంగా వదిలితే కుడికి పోతుంది. ఆ క్షణాన్ని ప్రతిసారీ ఒకేచోట పట్టుకోవడం ఎంత సాధన ఉన్నవారికైనా కష్టమే. మీ డిస్క్‌లు కుడికి పోతున్నాయంటే చేయి చుట్టూ తిరుగుతోందని, ఆలస్యంగా వదులుతున్నారని అర్థం. పుష్ పట్‌లో డిస్క్ నాభి దగ్గర మొదలై, బాస్కెట్‌కు గీసిన సరళరేఖ వెంటే ముందుకు పోతుంది. వదిలే క్షణం కొద్దిగా అటూఇటూ అయినా దిశ పెద్దగా మారదు, ఎత్తు మాత్రమే కొంచెం మారుతుంది. బాస్కెట్‌లో డిస్క్‌ను పట్టుకునే భాగం నిలువునా సుమారు అర మీటరు ఉంటుంది, కనుక ఎత్తులో వచ్చిన చిన్న తేడాను అది చాలావరకు క్షమిస్తుంది.

నిలబడే తీరులో రెండు రకాలున్నాయి. కుడికాలు ముందు, ఎడమకాలు వెనక పెట్టేది మొదటిది, రెండు కాళ్లూ సమానంగా చాచి బాస్కెట్‌కు ఎదురుగా నిలబడేది రెండోది. రెండోది చెట్ల మధ్య ఇరుక్కున్నప్పుడు బాగా ఉపయోగపడుతుంది, రోజూ ఆడటానికి మొదటిదే నేర్చుకోండి. ముందుకాలి బొటనవేలు లక్ష్యానికి కొద్దిగా కుడిపక్కకు చూడాలి, బరువు మొదట వెనక కాలి మీద ఉండాలి. డిస్క్‌ను నాభి దగ్గరికి, లేదా ఇంకాస్త కిందికి తెచ్చి, బరువు ముందుకాలికి మారుతున్నప్పుడే చేయి ముందుకు సాగాలి. బలం కాలి నుంచి రావాలి, చేయి ఆ బలాన్ని దారి తప్పకుండా తీసుకెళ్లాలి, అంతే. బుట్ట కిందికి పోతున్న మీ పట్‌లకు ప్రధాన కారణం కాళ్లు కదలకుండా చేతితోనే విసరడమై ఉంటుందని నా అంచనా. ఇంకో కారణం మనసులో ఉంటుంది. గట్టిగా వేస్తే దాటిపోయి తిరిగి వేయాల్సిన పట్ కష్టమవుతుందన్న భయంతో చేయి చివరి క్షణంలో వెనక్కి తగ్గుతుంది. అలా తగ్గిన పట్ ఎప్పుడూ బుట్ట ముందే పడుతుంది. బుట్ట పై అంచు నేల నుంచి సుమారు 82 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మీ చూపు దాని మీద పడితే డిస్క్ కూడా దాని మీదికే పోతుంది. మధ్య స్తంభానికి కొద్దిగా కుడిపక్కన, గొలుసుల సగం ఎత్తులో ఒకే ఒక్క గొలుసు కడియాన్ని ఎంచుకుని, డిస్క్ చేతిని వదిలాక కూడా దాన్నే చూస్తూ ఉండండి. కుడిపక్కన ఎందుకంటే, డిస్క్ చివర్లో ఎడమకు వాలుతుంది కనుక ఆ వాలు దాన్ని మధ్యకు తెస్తుంది.

పట్టు గురించి రెండు మాటలు. చూపుడువేలును అంచు పక్కగా గానీ, అడుగుభాగం మీద చాచి గానీ ఉంచి, మిగతా వేళ్లను విసనకర్రలా విప్పి ఆనించండి, బొటనవేలును పైన చదునుగా పెట్టండి. పిడికిలి బిగించి పట్టుకోవడం దూరపు విసుర్లకు పనికొస్తుంది, దగ్గరి పట్‌కు పనికిరాదు. వదిలాక చేయి కరచాలనం చేయబోతున్నట్టుగా బొటనవేలు పైకి ఉండి, వేళ్లన్నీ బాస్కెట్ వైపు చాచుకుని ఆగాలి. వేళ్లు ఎక్కడికి చూపుతున్నాయో డిస్క్ అటే పోయి ఉంటుంది. ఈ ఒక్క గమనింపుతో మీ తప్పుల్లో చాలావాటికి కారణం మీకే తెలిసిపోతుంది.

డిస్క్ ముక్కు కోణం కంటికి సులువుగా కనిపించదు, అందుకే చాలామంది దాన్ని పట్టించుకోరు. ముక్కు కొద్దిగా పైకి ఉంటే డిస్క్ తేలుతూ వెళ్లి నిదానిస్తుంది, పుష్ పట్‌కు అది మంచిదే. మరీ పైకి లేస్తే గాలిని అడ్డుకుని ఎత్తుకు పోయి, అక్కడ ఆగిపోయి ఎడమకు జారి పడుతుంది. ముక్కు కిందికి ఉంటే డిస్క్ దూకినట్టు నేలకు దిగుతుంది. ఎవరినైనా పక్కన నిలబెట్టి మీ పట్‌లను ఫోన్‌తో వీడియో తీయించి, నెమ్మదిగా నడిపి చూడండి. నేను పక్కన ఉండి చెప్పేదానికన్నా అది మీకు ఎక్కువ నేర్పుతుంది.

నియమాల్లో ఒకటి తప్పక తెలిసి ఉండాలి. బాస్కెట్ అడుగు నుంచి 10 మీటర్ల లోపల వేసే ప్రతి విసురూ పటింగ్ పరిధిలోకి వస్తుంది. అక్కడ డిస్క్ వదిలాక, మార్కర్ (డిస్క్ ఆగిన చోటును చూపే గుర్తు) వెనకే ఉండి శరీరం పూర్తిగా అదుపులో ఉందని చూపించాకే ముందుకు అడుగు వేయాలి. ఊపులో ముందుకు తూలి పడితే ఒక పెనాల్టీ త్రో పడుతుంది. కాలి బలంతో నెట్టమని పైన చెప్పాను కనుక ఈ హెచ్చరిక అవసరమైంది. డిస్క్ వదిలాక వెనక కాలును గాలిలో ఒక క్షణం నిలిపి, తిరిగి వెనక్కే దించడం అలవాటు చేసుకోండి. పది మీటర్ల అవతల మాత్రం అడుగు వేస్తూ గానీ, ఎగురుతూ గానీ పట్ చేయవచ్చు, డిస్క్ చేతిని వదిలే క్షణానికి కాలు నిర్ణీత స్థానంలో నేలను తాకి ఉండాలి.

సాధన గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. మూడు నాలుగు మీటర్ల దూరం నుంచి మొదలుపెట్టండి. అక్కడ విసుగు పుట్టేంతవరకు వేసి, ఆపైన ఒక్కో అడుగు వెనక్కి జరగండి. పది మీటర్ల దూరం నుంచి గంటసేపు వేసి తప్పులు కూడబెట్టుకునేవారిని నేను చాలామందిని చూశాను, వారి చేయి తప్పును మాత్రమే నేర్చుకుంటుంది. పెద్ద పోటీల గణాంకాల్లో 3.3 మీటర్ల నుంచి 10 మీటర్ల వరకు ఉన్న పట్‌లను విడిగా లెక్కిస్తారు. ప్రపంచంలోని ఉత్తమ ఆటగాళ్లు కూడా ఒక సీజన్ మొత్తంలో అక్కడ 90 శాతం దాటడం అరుదు. ఆరేడు మీటర్ల నుంచి సగం పడుతున్నాయంటే ఆరు నెలల ఆటకు అదేమీ సిగ్గుపడాల్సిన స్థాయి కాదు. ప్రతి పట్‌కు ముందు ఒకే క్రమాన్ని పాటించండి. కాళ్లు సర్దుకోవడం, ఊపిరి వదలడం, కడియాన్ని చూడటం, వేయడం, ఈ వరుస మారకూడదు. నియమాల ప్రకారం విసరడానికి 30 సెకన్లు ఉంటాయి, ఈ క్రమానికి అందులో సగం కూడా పట్టదు.

ఇక టీ ప్యాడ్ మీద నుంచి విసిరినప్పుడు డిస్క్ వణికి కుడికి పోవడం. దీనికి పటర్‌ను నిందించకండి, అది మీ చేతి గురించి నిజం చెబుతోంది. మీరు ఇచ్చే బలం డిస్క్ తలానికి సమాంతరంగా కాక, కొంత పైకో కిందికో పోతే అది వణుకుతుంది. ఫేడ్ ఎక్కువగా ఉన్న డ్రైవర్ అదే తప్పును కప్పిపుచ్చి ఎడమకు వాలిపోతుంది, మీరు బాగానే విసిరాననుకుంటారు. పటర్ అలా దాచదు. కుడికి ఒరగడానికి రెండు కారణాలుండవచ్చు. మణికట్టు మెలితిరిగి డిస్క్ ఎడమ అంచు పైకి లేచి ఉండటం ఒకటి, తన స్పీడ్‌కు మించి గట్టిగా విసరడం రెండోది. ఏది మీదో తేల్చుకోవడానికి పరుగు మానేసి, నిలబడిన చోటి నుంచే, మీ బలంలో సగంతో, డిస్క్ ఎడమ అంచును కొంచెం కిందికి వంచి, అంటే హైజర్ కోణంలో, విసరండి. అప్పుడు నేరుగా వెళ్లి మెల్లగా ఎడమకు వాలితే తప్పు బలానిది. అప్పటికీ వణికితే తప్పు చేతి దారిది. డిస్క్‌ను ఛాతీ ఎత్తులో, ఛాతీకి దగ్గరగా, ఒకే గీత వెంట లాగడం మీద శ్రద్ధ పెట్టాలి. ఖాళీ మైదానంలో నలభై, యాభై మీటర్ల దూరానికి చదునుగా, వణుకు లేకుండా పటర్‌ను పంపగలిగే వరకు డ్రైవర్లను సంచీలోనే ఉంచితే ఆరు నెలల తర్వాత ఆ డ్రైవర్లే మీకు ఎక్కువ దూరం పోతాయి.

పటర్ దగ్గరి ఆటకే అనుకునేవారికి నేను చూపే ఉదాహరణ ఒకటుంది. 2021లో అమెరికాలోని ఒగ్డెన్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ చివరి హోల్ మీద జేమ్స్ కాన్రాడ్ సుమారు 75 మీటర్ల దూరం నుంచి ఎన్వీ అనే పటర్‌ను విసిరితే అది నేరుగా బాస్కెట్‌లో పడింది. దాంతో పాల్ మెక్‌బెత్‌తో స్కోరు సమమై, ప్లేఆఫ్‌లో కాన్రాడ్ గెలిచాడు. ఆ విసురులో అదృష్టం పాలు ఎంతో ఉంది, కానీ ఆ దూరానికి ఆయన మిడ్‌రేంజ్ (మధ్య దూరాలకు వాడే డిస్క్) కాక పటర్‌నే ఎంచుకోవడంలో అదృష్టమేమీ లేదు. నేరుగా పోయి, మెత్తగా దిగే డిస్క్ అదే.

రెండో రకం పటర్ అవసరమా అని అడిగారు. ఇప్పుడు కాదు. పటింగ్ స్థిరపడ్డాక, బాస్కెట్ దగ్గరికి చేర్చే విసుర్లకు ఫేడ్ ఎక్కువగా ఉన్న ఒకటి ఉపయోగపడుతుంది. డిస్క్‌క్రాఫ్ట్ జోన్ అలాంటిది, దాని అంకెలు 4, 3, 0, 3. ఫోర్‌హ్యాండ్‌లో (అరచేయి ముందుకు ఉండేలా విసిరే తీరులో) గట్టిగా విసిరినా అది కుదురుగా ఉంటుంది. కాస్టాప్లాస్ట్ బెర్గ్‌కు 1, 1, 0, 2 ఉంటాయి, అది దాదాపు తేలదు కనుక పడ్డచోటే కూర్చుంటుంది. ఈ రెండింటిలో ఏదీ మీ పటింగ్ డిస్క్‌కు ప్రత్యామ్నాయం కాదు.

గాలి ఉన్న రోజున అన్ని లెక్కలూ కొద్దిగా మారతాయి. ఎదురుగాలిలో డిస్క్ చుట్టూ గాలి వేగం పెరుగుతుంది, అది పైకి లేచి బాస్కెట్ మీదుగా వెళ్లిపోతుంది. ముక్కును కొంచెం దించి, తిరుగుడు పెంచి, గొలుసుల కింది సగానికి గురిపెట్టాలి. వెనకగాలిలో తేలే శక్తి తగ్గి త్వరగా దిగిపోతుంది, గొలుసుల పై భాగానికి గురిపెట్టాలి. పక్కగాలి మోసకారి. మీరు హైజర్ కోణంలో వేసినప్పుడు డిస్క్ అడుగుభాగం కుడివైపుకు చూస్తుంది, కుడి నుంచి వచ్చే గాలి దాన్ని ఎత్తి ఎడమకు తీసుకుపోతుంది. ఎడమ నుంచి వచ్చే గాలి పైభాగాన్ని తాకి కిందికి నొక్కుతుంది. గాలి బలంగా ఉండి, బాస్కెట్ వెనక నేల ఏటవాలుగా దిగుతూ ఉంటే, ఎనిమిది మీటర్ల పట్‌ను వదిలేసి బాస్కెట్ పక్కన మెత్తగా పెట్టుకోవడమే తెలివైన పని. తప్పిన డిస్క్ నిలువుగా పడి దొర్లడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో చెప్పలేం.

చివరిగా మీ అరిగిన పాత పటర్ గురించి. దాన్ని పారేయకండి. అంచు అరిగిన కొద్దీ ఫేడ్ తగ్గి, డిస్క్ నేరుగానూ, కాస్త కుడికి మళ్లుతూనూ ఎగురుతుంది. హైజర్ కోణంలో విసిరి, గాలిలో తనంతట తాను చదునై నేరుగా పోయేలా చేయడం నేర్చుకోవడానికి అంతకన్నా మంచి డిస్క్ దొరకదు. అంచు మీద వేలికి గుచ్చుకునే గరుకులు లేచి ఉంటే వాటిని సన్నటి గరుకు కాగితంతో నున్నగా రుద్దవచ్చు, నియమాలు అంతవరకు అనుమతిస్తాయి. ఆకారం మారేలా అరగదీయడానికి మాత్రం వీల్లేదు. ఎక్కడైనా పగులు కనిపిస్తే పోటీలో దాన్ని వాడకూడదు, ఇంటి దగ్గర సాధనకు ఉంచుకోండి.